చదవకుండా దిద్దిన రెండు పేజీలు

ఇవాళ పొద్దున్న నేనొక తప్పు చేశాను. డెబ్బై దాటిన మనిషి తప్పు చేయడం వింతేమీ కాదు. వేసుకోవలసిన మాత్ర మరిచిపోతాం, కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతాం, అలాంటివన్నీ నా ఈడు వాళ్ళకి అనుభవమే. ఇది ఆ రకం కాదు. నాకు చేతకాక జరిగిన తప్పు కాదిది, నాకు బాగా చేతనైన పని వల్ల జరిగిన తప్పు. అందుకే సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోగానే, కాఫీ కూడా అడగకుండా ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

నేను ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. గజపతినగరంలో మా వీధి మొదట్లో ఒక కిరాణా కొట్టు ఉంది. ఆ కొట్టాయన్ని ఊరంతా షావుకారు అనీ, ఆయన భార్యని షావుకారమ్మ అనీ పిలుస్తారు. కొట్టు ముందు ఒక బల్ల ఉంటుంది. రిటైరయిన మర్నాటి నుంచీ పొద్దున్న ఏడున్నరకి ఆ బల్ల మీద కూర్చుని ఇంగ్లీషు పేపరు చదవడం నాకు అలవాటు. చదవడం అన్నాను గానీ నిజానికి నేను చేసేది దిద్దడం. ఎర్ర కలం తీసి, పేపరువాళ్ళు ఎక్కడ కామా మరిచిపోయారో, ఎక్కడ అక్కర్లేని చోట పెట్టారో చూసి సున్నాలు చుట్టడం, చుట్టి దాన్ని పైకి చదివి వినిపించడం, ఇది నా పొద్దుటి పూజ లాంటిది. వినేవాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తక్కువే అయినా, పెద్ద పేపరువాళ్ళ తప్పు మన వీధిలో మనిషి పట్టుకున్నాడంటే ఎవరికైనా సరదాయే కదా. "ఇవాళ ఎన్ని దొరికేయి మాస్టారూ" అని షావుకారు అడుగుతాడు. "అయిదు" అంటాను. "మరి ఆళ్ళు రోజల్లా ఏటి సేస్తన్నారు, ఈగలు తోల్తన్నారేటి" అంటాడు. పది మందీ నవ్వుతారు. నా వెనకాల నన్ను కామాల మాస్టారు అంటారని నాకు తెలుసు, అది విని లోలోపల మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

షావుకారి కోడలు పార్వతీపురం వైపు పిల్ల. పెళ్ళికి ముందు ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎమ్మే చదివింది. ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది, కొట్లో అత్తగారి పక్కన నిలబడి పప్పులూ బెల్లమూ తూస్తూ ఉంటుంది. సాయంత్రాలు వీధిలో పిల్లల్ని కొట్టు వెనక వసారాలో కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చెప్పడం కూడా చూశాను. విజయనగరంలో ఒక బడిలో టీచరు ఉద్యోగం ఉందని ఆమెకు తెలిసింది. తన గురించీ, పాఠం చెప్పడం తానెలా నేర్చుకుందో దాని గురించీ ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి పంపాలట. రేపటితో గడువు. కొడుకు సరే అన్నాడు, షావుకారు చూద్దాం అన్నాడు, షావుకారమ్మ మాత్రం మాస్టారు చూసి బాగున్నాదంటే పంపు, లేదంటే మాను అంది. ఆ ఇంట్లో పెద్దలిద్దరికీ ఇంగ్లీషు రాదు గనుక, కోడలికి ఎంత వచ్చో తెలుసుకోవడానికి వాళ్ళకున్న తూకపు రాయి నేనే. ఈ షరతు సంగతి నాకు పదకొండు దాటాక గానీ తెలియలేదు. తెలిసి ఉంటే వేరేగా ప్రవర్తించేవాణ్ణేమో అనుకోవడం నన్ను నేను బుజ్జగించుకోవడమే, అందుచేత ఆ మాట వదిలేస్తాను.

పొద్దున్న ఆమె ఆ రెండు పేజీలూ తెచ్చి నా చేతిలో పెట్టి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ పక్కన నిలబడింది. నేను పేపరు పక్కన పెట్టి, అదే ఎర్ర కలంతో మొదలుపెట్టాను. మొదటి పేరాలో రెండు సున్నాలు, రెండో పేరాలో మూడు. కొట్లో అప్పుడు ఇద్దరో ముగ్గురో కొనుగోలుదారులు ఉన్నారు, షావుకారు ఉన్నాడు, షావుకారమ్మ కందిపప్పు తూస్తోంది. జనం ఉన్నారు గనుక నా గొంతు దానంతట అదే లేచింది. మూడో పేరాలో, బడి మొహం చూడని మా అత్తగారు అని మొదలయ్యే వాక్యం ఒకటి వచ్చింది. ఇంగ్లీషులో ఆ బడి ముక్క అత్తగారి తరువాత వస్తుంది, దానికి ముందూ వెనకా కామాలు ఉండాలి, ఆమె పెట్టలేదు. నేను కలం పైకెత్తి, "అమ్మాయ్, నీకు అత్తగార్లు ఎంతమంది? కామాలు లేకపోతే బడికెళ్ళని అత్తగారు ఒకరూ, బడికెళ్ళిన అత్తగారు ఇంకొకరూ ఉన్నారనుకుంటారు" అన్నాను.

అందరూ నవ్వారు. షావుకారు కూడా నవ్వాడు. షావుకారమ్మ చేతిలో పొట్లం మాత్రం ఆగిపోయింది.

"ఏటేటి, నాను సదువుకోలేదని రాసిందేటి?"

"రాసింది నిజమేనమ్మా, కామా పెట్టకపోవడమే తప్పు" అన్నాను నేను.

"కామా సంగతి నాకెందుకు మాస్టారూ. నాను సదువుకోలేదని గజపతినగరం అంతటికీ తెలుసు. ఇజీనారం బడోళ్ళకి కూడా తెలియాలేటి?" అని కోడలి వైపు తిరిగి, "ఇందుకేటి ఎమ్మే సదివించేరు మీయమ్మోలు" అంది.

ఆ పిల్ల నా చేతిలో పేజీలు మెల్లగా తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. నేను పేపరు మళ్ళీ తీసి, మిగతా సున్నాలు చుట్టి, పని పూర్తిచేసుకున్న తృప్తితోనే ఇంటికి వచ్చాను.

పదకొండింటికి మా ఆవిడ జీలకర్రకని కొట్టుకి వెళ్ళి, తిరిగొచ్చి, సంచీ గుమ్మంలోనే పెట్టేసి నా ముందు నిలబడింది. ఆవిడకి నా మీద కోపం వస్తే అరవదు, గొంతు తగ్గిస్తుంది. "ఆ పిల్ల కళ్ళు సూసేరా మీరు? మాస్టారే నవ్వేసినాక ఇంక పంపీదేటున్నాది, కొట్టు సూసుకుంటాదిలే అంటన్నాది అత్తగారు. మీరు సెప్పిన మాట మీద పంపుతామని ఆళ్ళు కూకుంటే, మీరెళ్ళి అత్తనీ కోడల్నీ ఇద్దర్నీ నవ్వులపాలు సేసొచ్చేరు." అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పడక కుర్చీలో కూలబడ్డాను. ఆ రెండు పేజీల్లో ఆమె ఏం రాసిందో గుర్తుచేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు. ఎన్ని కామాలు తప్పాయో వరసగా చెప్పగలను, ఏం రాసిందో ఒక్క ముక్క చెప్పలేను. అప్పుడు నాకు మా మాస్టారు జ్ఞాపకం వచ్చారు.

మాది శృంగవరపుకోటకి నాలుగు మైళ్ళ దూరంలో, కొండల కిందనున్న పల్లె. వరీ, మేం చోళ్ళనే రాగులూ పండించుకునే కుటుంబం. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం ఉన్న వస్తువంటే ఎరువు బస్తా ఒక్కటే. కోటలో ఉన్నత పాఠశాలకి నడిచివెళ్ళి చదువుకునేవాణ్ణి. అక్కడ మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు బక్కపలచటి మనిషి, ఎప్పుడూ ఉతికి ఉతికి పలచబడిన తెల్ల చొక్కా, భుజం మీద గొడుగు. ఇంగ్లీషు వాక్యంలో ఒక మనిషిని చెప్పి, వెంటనే 'హూ' అనో 'విచ్' అనో ఎత్తుకుని అతని గురించి ఇంకో ముక్క తగిలిస్తారు చూడండి, రిలేటివ్ క్లాజు అని మనచేత బట్టీ పట్టించేవారే, ఆ ముక్కకి అటూ ఇటూ కామాలు పెట్టాలా వద్దా అన్నది మన తరంలో చాలామందిని ఏడిపించిన సంగతి. మన భాషలో ఆ బాధ లేదు. నిన్న వచ్చిన మనిషి అంటాం, నన్ను కన్న మా అమ్మ అంటాం. మొదటిదాంట్లో నిన్న వచ్చిన అన్న మాట తీసేస్తే ఏ మనిషో తెలియదు. రెండోదాంట్లో నన్ను కన్న అన్న మాట తీసేసినా మా అమ్మ ఎక్కడికీ పోదు. రెండింటినీ మనం ఒకే తీరున, పేరుకి ముందే తగిలించి అనేస్తాం గనుక, వాటి మధ్య తేడా ఒకటుందని మనకు తోచనే తోచదు.

మాస్టారు దాన్ని చెప్పిన పద్ధతి ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది. మా కాపీ పుస్తకం మీద ఆ 'హూ' ముక్కని తన బొటనవేలితో మూసేసేవారు. మూసి, "ఒరే అబ్బీ, మనిషి తప్పిపోయేడా, ఉన్నాడా?" అని అడిగేవారు. కోట సంతలో పిల్లవాడు తప్పిపోయాడని అరిస్తే ఏ పిల్లవాడని అడుగుతారు, పచ్చ చొక్కా తొడుక్కున్న పిల్లవాడని చెబితే గానీ ఎవరూ వెతకలేరు, ఆ పచ్చ చొక్కాని విడదీయకు, కామా పెట్టకు. అదే మా అమ్మ తప్పిపోయిందని నువ్వు ఏడిస్తే, ఏ అమ్మరా అని ఎవరూ అడగరు, నీకున్నది ఒక్క అమ్మే. ఆవిడ కట్టుకున్న చీర రంగు నువ్వు ఊరికే చెప్పే కబురు, దానికి అటొకటి ఇటొకటి కామా పెట్టి పక్కన కూర్చోబెట్టు. ఇలా చెప్పేవారు. ఆ తరువాత ముప్ఫై నాలుగేళ్ళు నేను ఎన్ని వందలమంది పిల్లలకి ఆ సంత కథ చెప్పానో లెక్కలేదు, అది నా సొంతమే అన్నట్టు చెప్పాను.

కానీ ఆయన చేసిన ఇంకో పని ఉంది, అది నేనెప్పుడూ చేయలేదు. ఒకసారి మా ఇంటి గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాయమన్నారు. మా ఎర్ర ఎద్దు గురించి రాశాను. వసారా చివరికి నన్నొక్కణ్ణే పిలిచి, పుస్తకం తెరిచి పట్టుకుని, "మీ ఎద్దు కొమ్ము విరిగిందా? ఎలా విరిగిందిరా?" అని అడిగారు. నేను చెప్పాను, గట్టు దిగుతూ జారి రాయికి కొట్టుకుందని. "మరి దున్నుతోందా?" అన్నారు. దున్నుతోంది అన్నాను. మా నాన్న దానికి వేపాకు నూరి కట్టిన సంగతీ, ఆ రాత్రి మా అమ్మ తినని సంగతీ అన్నీ అడిగి చెప్పించుకున్నారు. ఆ తరువాత, ఇంక గంట కొట్టేస్తారనగా, పెన్సిలుతో రెండు చోట్ల కంటికి ఆనీ ఆనని చుక్కలు పెట్టి, "ఇక్కడ చూసుకో" అని పుస్తకం ఇచ్చేశారు. నాకు ఆ రోజు అర్థమయిందేమిటంటే కామాలు నాకు వచ్చేశాయని. ఆయన నా ఎద్దు గురించి ఎందుకు అంతసేపు అడిగారో ఆలోచించే తెలివి నాకు లేకపోయింది.

నాకు ఉద్యోగం వచ్చిన తొలి రోజుల్లో ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక ఉన్నత పాఠశాలలో వేశారు. ఇరవై ఆరేళ్ళ వాణ్ణి, మిగతా మాస్టార్లందరూ నాకంటే పెద్దవాళ్ళు. అప్పట్లో మా బళ్ళలో ఒక ఆచారం ఉండేది, మీలో ఉపాధ్యాయులుగా పనిచేసినవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఎవరు ఇంగ్లీషులో ఏం రాసినా, సెలవు చీటీ దగ్గర నుంచి పై ఆఫీసుకి పంపే ఉత్తరం దాకా, ముందు ఇంగ్లీషు మాస్టారికి చూపించుకోవాలి. ఎంత వయసున్న మనిషైనా సరే, కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. ఆ వయసులో అది నా తలకి ఎంత ఎక్కి ఉంటుందో మీరు ఊహించుకోగలరు.

అక్కడ లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు, యాభైకి దగ్గరపడ్డ మనిషి, శ్రీకాకుళం నుంచి సైకిలు మీద వచ్చేవారు. ఆ ఏడాది వార్షికోత్సవానికి ఇంగ్లీషు నివేదిక రాసే పని, ఎవరూ ముందుకు రాకపోతే, నేను రాస్తానని ఆయనే అడిగి తీసుకున్నారు. నాకు ఆశ్చర్యం వేసింది గానీ ఎందుకని అడగలేదు. రాసిన రెండు పేజీలూ ఖాళీ పీరియడులో తెచ్చి, "అబ్బాయ్, ఓసారి సూడు. నలుగుర్లో పెట్టకు" అన్నారు.

నేను నలుగురిలోనే పెట్టాను. టీ వేళకి మాస్టార్ల గదిలో అందరూ చేరినప్పుడు ఆ పేజీలు తీశాను. ఆయన ఊపిరి ఆగిన చోటల్లా కామా పెట్టారు, మనిషి తప్పిపోయే చోటా పెట్టారు, తప్పిపోని చోటా పెట్టారు. నేను ఒక్కొక్క కామా దగ్గరా ఆగి, ఆయాసపడుతున్నవాడిలా రొప్పుతూ చదివాను. గది దద్దరిల్లేలా నవ్వారు. లెక్కల మాస్టారు కూడా నవ్వారు. నవ్వి, కాగితాలు తీసుకుని, "కుర్రోడు గట్టోడే" అన్నారు. ఆ ఏడాది నివేదిక హెడ్మాస్టరు తెలుగులో చదివారు. లెక్కల మాస్టారు ఆ తరువాత ఎప్పుడూ నాకు ఏ కాగితమూ చూపించుకోలేదు. సెలవు చీటీలు పక్క మాస్టారి చేత రాయించుకుని సంతకం పెట్టేవారు. నాతో మాత్రం ఎప్పటిలాగే మాట్లాడేవారు, ఇంట్లో చేసిన చేగోడీలు తెచ్చి అందరితో పాటు నాకూ పెట్టేవారు, అందుచేత నేను చేసింది తప్పని నాకు అనిపించనే లేదు.

చాలా ఏళ్ళ తరువాత, నేను విజయనగరం జిల్లాకి మారిపోయాక, శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో ఆయన భార్య కనిపించారు. మాస్టారు పోయి అప్పటికే రెండేళ్ళయిందట. మాటల్లో ఆవిడ చెప్పారు. వాళ్ళ కూతుర్ని బరంపురం ఇచ్చారు. అక్కడి మనవరాలికి ఒడియా వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆ పిల్లకి తన చేత్తో ఉత్తరాలు రాయాలని ఆయన పెద్ద వయసులో ఇంగ్లీషు రాయడం సాధన చేయడం మొదలుపెట్టారు, వార్షికోత్సవం నివేదిక తీసుకున్నది కూడా అందుకేనట. తరువాత ఎందుకో మానేశారట. "మనవరాలు ఉత్తరం రాస్తే పదిసార్లు సదువుకునీవోరు బాబూ, జవాబు మట్టుకు రాసీవోరు కాదు. నానేటి రాసినా తప్పే అనీవోరు" అని ఆవిడ నవ్వారు. ఎందుకు మానేశారో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. అది నావల్లేనమ్మా అని చెప్పవలసింది. బస్సు వచ్చింది, ఆవిడ సంచీ అందించాను, అంతే. ఆ మాట ఆ రోజు చెప్పనందుకూ, ఇప్పుడు చెబుదామన్నా ఆ ఇంటి చిరునామా నా దగ్గర లేనందుకూ నేను పడే బాధ వేరు. కానీ ఆ బాధ నన్నేమీ మార్చలేదని ఇవాళ పొద్దున్న తేలిపోయింది. ఆ వెటకారాన్ని పిల్లల మీద ప్రయోగించకుండా జాగ్రత్తపడ్డాను, నిజమే. రిటైరయ్యాక పేపరువాళ్ళకి ఏ నొప్పీ తెలియదు కదా అని అదే ఆట మళ్ళీ మొదలుపెట్టాను. ఆ ఆటలోకి ఒక మనిషి కాగితం పట్టుకుని వస్తే, మనిషికీ పేపరుకీ తేడా చూడలేకపోయాను.

నాలుగున్నరకి లేచి చొక్కా తొడుక్కుని కొట్టుకి వెళ్ళాను. సాయంత్రం బేరాల వేళ, పొద్దుటివాళ్ళలో ఒకరిద్దరు కూడా ఉన్నారు. కోడలు బెల్లం కొడుతోంది. ఆ పేజీలు ఒకసారి ఇమ్మని అడిగాను. ఇవ్వదేమో అనుకున్నాను. చేతులు తుడుచుకుని, లోపలి నుంచి తెచ్చి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, మెల్లగా అంది.

"కామాలు ఫోనైనా దిద్దేస్తాది మాస్టారూ. ఎవరో ఒకరు చదువుతారని మీకు తెచ్చినాను."

నా ఉద్యోగం మొత్తంలో ఎవరూ నన్ను అంత నెమ్మదిగా అంత గట్టిగా మందలించలేదు. ఆమె అన్నది నిజమే. నేను జీవితమంతా నేర్చుకుని, నేర్పి, గర్వపడిన ఆ విద్య ఇప్పుడు అందరి అరచేతిలోనూ ఉంది. తప్పు ఉన్న చోట దానంతట అదే గీత పడుతుంది, వేలితో తాకితే సరైపోతుంది. ఎర్ర కలం పట్టుకుని మనలాంటివాళ్ళం కూర్చోవలసిన పని తీరిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సిగ్గుపడుతూ ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళే ఆచారం కూడా దాంతోపాటే పోతోంది. అందులో అవమానం ఉన్నమాట నిజమే, దానికి నేనే సాక్షిని. కానీ ఎదటి మనిషి చదువుతాడన్న నమ్మకం కూడా ఉండేది. ఇంకా ఆ నమ్మకం మిగుల్చుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో బహుశా ఈ పిల్లే ఆఖరేమో.

కూర్చుని, కలం తీయకుండా, మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒకసారి చదివి, మళ్ళీ చదివాను. ఆ తరువాత లేచి నిలబడి, షావుకారమ్మని పిలిచి, ఒక్క పది నిమిషాలు కూర్చోమన్నాను.

"బేరాలున్నాయి మాస్టారూ" అంది.

"ఉండనీ" అన్నాడు షావుకారు. "మాస్టారి మొకం బాగులేదు, కూకో."

పొద్దున్న నేను నవ్విందీ నవ్వించిందీ తప్పు అని అందరూ వినేలా చెప్పాను. కోడలి ఇంగ్లీషు మంచి ఇంగ్లీషు అనీ, నా దగ్గర చదివినవాళ్ళలో ఇంత బాగా రాసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చనీ చెప్పాను. ఆ తరువాత ఆ రెండు పేజీలూ తెలుగులో, వాక్యం వెంట వాక్యం చదివి వినిపించాను. తెలుగులోకి వచ్చేసరికి ఆ కామాలన్నీ ఎక్కడివక్కడ మాయమైపోయాయి.

మూడో పేరా వచ్చింది. పొద్దున్న నేను సగంలో ఆపి నవ్వించిన వాక్యం పూర్తిగా ఇదీ. బడి మొహం చూడని మా అత్తగారి దగ్గర నేను పాఠం చెప్పడం నేర్చుకున్నాను. ఆ తరువాత ఎలాగో రాసింది. సరుకుకని పంపిన చిన్నపిల్లలు కొట్టు దాకా వచ్చి, ఏం తెమ్మన్నారో మరిచిపోయి నిలబడిపోతారు. మా అత్తగారు వాళ్ళని కసరరు, ఇంటికి వెళ్ళి అడిగి రమ్మనరు. మీయింట్లో ఇవాళ ఏం వండుతున్నారని అడుగుతారు. పిల్ల చేపల పులుసు అంటుంది. అయితే చింతపండా అంటారు. కాదు, అది ఉంది. మరి ధనియాలా అంటారు. పిల్ల మొహం వెలిగిపోతుంది. తనకే గుర్తొచ్చిందనుకుని పరిగెడుతుంది. తెలియని పిల్లకి జవాబు చెప్పేయకుండా, తెలిసిన చోటు నుంచి నడిపించుకు రావడం నేను ఏ యూనివర్సిటీలోనూ వినలేదు, ఈ కొట్లో చూశాను.

చదవడం ఆపాను. షావుకారమ్మ కోడలి వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"ఇదంతా అందులో ఉన్నాదేటి?"

"ఉందమ్మా."

"పొద్దున్న కూడా ఉన్నాదేటి?"

"పొద్దున్న కూడా ఉంది. నేను చదవలేదు."

"అయితే సదవనోరు మీరన్నమాట, నాను గాదు" అంది. షావుకారు పకపకా నవ్వాడు, నేను తల వంచుకున్నాను. ఆవిడ లేచి, కొంగు దులుపుకుని, కోడలితో, "ధనియాలు గాదే, అది జీలకర్ర. ఆ మూల ఇంటి పిల్ల గదా, జీలకర్రకే వచ్చింది. సరిగ్గా రాయి" అంది. తూకం అందుకుని, "రేపే గదా ఆఖరు. నాను కొట్లో ఉంటాను, ఎల్లి పంపీసి రా" అంది.

ఆ పిల్ల ఒక్కర్తే నెట్ సెంటరుకి వెళుతుంటే నేనూ వస్తానని వెంట వెళ్ళాను. దారిలో రెండు పేజీల్లో ఎక్కడెక్కడ కామాలు రావాలో, ఎందుకు రావాలో చెప్పాను, ఒకసారి చెబితే చాలింది. నెట్ సెంటర్లో ఆమె తనే కూర్చుని టైపు చేసుకుంది. జీలకర్ర అని మార్చింది. నేను పక్కన స్టూలు మీద, నోరు మెదపకుండా కూర్చున్నాను. అంతా అయ్యాక తెర నా వైపు తిప్పి, పంపేముందు ఒకసారి చూడండి మాస్టారూ అంది. చూశాను. మూడో పేరా దగ్గరికి వచ్చేసరికి ఆ మరిచిపోయిన పిల్ల కొట్టు ముందు నిలబడి ఉన్నట్టూ, ఏం వండుతున్నారని ఎవరో మెత్తగా అడుగుతున్నట్టూ అనిపించి, చివరి దాకా అలాగే చదువుకుంటూ పోయి, బాగుందమ్మా, పంపించేయ్ అన్నాను. పంపేసింది. ఇద్దరం రోడ్డు మీదికి వచ్చి సగం దూరం నడిచాక గుర్తొచ్చింది, కామాలు చూడనే లేదని.